పది–పదకొండు స్పానరు

"సరుకుల చిట్టా ఓసారి చూపించు, ఆ ఇంటావిడ ఎలాంటిదో నేను చెబుతాను" అనేది మా అమ్మ. చింతపండుతో మొదలుపెట్టే ఇల్లాలు వేరట, బిస్కెట్లతో మొదలుపెట్టే ఇల్లాలు వేరట. అమ్మ జోస్యం తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ విద్య నాకూ అబ్బిందనే ఇన్నాళ్ళూ మురిసిపోయాను, మిషిగన్‌లో మా మేనకోడలి వంటింట్లో ఫ్రిజ్జు తలుపుకి అంటించిన చిట్టా చదివేదాకా.

ట్యాంకు ఒకటి. పంపు ఒకటి. ట్యూబు ఇరవై అడుగులు. ఫిల్టరు. నాజిలు. వాల్వు. ట్యాపు ఒకటి, ఎనిమిదో వంతు అంగుళంది.

"అయ్యో, కొళాయి పాడైందా అమ్మడూ? ఈ తిప్పలన్నీ నీకెందుకే, ప్లంబర్ని పిలవరాదూ?" అన్నాను జాలిగా.

ఆ పిల్ల చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి మరీ నవ్వింది. "అత్తా, అది కొళాయి ట్యాపు కాదు. లోహానికి కన్నం పెట్టి అందులో మరలు కోసే ట్యాపు. ఈ సామానంతా నా కారుకి."

కారుకి ట్యాంకూ పంపూ ఎందుకో నాకర్థం కాలేదు. బి.ఏ.లో చరిత్ర, ఎకనామిక్సు, స్పెషల్ తెలుగు చదివినదాన్ని. కారంటే నా దృష్టిలో తలుపు తీసి కూర్చోవలసిన వస్తువు. చిట్టా చివరి పదం మాత్రం చదవగానే గుండె ఝల్లుమంది. మిథనాలు! మన పేపర్లలో కల్తీ సారా చావుల వార్త వచ్చినప్పుడల్లా "మిథైల్ ఆల్కహాలు" అని రాస్తారే, అదే ఇది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మావారు ఆఫీసు పనిమీద నెల్లాళ్ళు డెట్రాయిట్ వెళుతుంటే నేనూ కూడా బయల్దేరాను. మా అన్నయ్య కూతురు అక్కడే నోవై అనే ఊళ్ళో ఉంటుంది. ఇంజనీరింగు చదివి, ఎమ్మెస్ చేసి, ఉద్యోగం చేసుకుంటోంది. ఇరవై ఆరేళ్ళు. మా అన్నయ్య తెనాలి నుంచి నాతో రెండు పంపించాడు. ఒకటి గోంగూర పచ్చడి, రెండోది ఓ రాయబారం.

"అది వీధిలో కారు విప్పుకు కూర్చుంటోందిట. వచ్చే నెల షికాగో నుంచి అబ్బాయి వాళ్ళు చూడ్డానికి వస్తామంటున్నారు. చేతులకి మసి, గోళ్ళల్లో గ్రీజు! వాళ్ళేమనుకుంటారు? ఆ కారు అమ్మేసి బుద్ధిగా ఇంకోటి కొనుక్కోమని చెప్పు. నేను చెబితే వినదు, నువ్వు చెబితే వింటుంది."

సరేనన్నాను. నా మాటకి అంత విలువుందని అన్నయ్యంతటివాడు చెబితే కాదనగలనా? పచ్చడి మొదటి రోజే అప్పజెప్పేశాను. రాయబారం మాత్రం సమయం చూసి చెబుదామని దాచుకున్నాను. మిథనాలు చదివాక ఇక సమయం వచ్చేసిందనిపించింది.

"ముందు ఇదేమిటో చెప్పు, తరవాత నేను చెప్పేది చెబుతాను" అన్నాను.

పిల్ల నన్ను గరాజులోకి తీసుకెళ్ళింది. గరాజంటే మన పల్లెటూళ్ళలో గొడ్లసావిడి లాంటిదే, గొడ్డు బదులు కారుంటుంది. పదేళ్ళ నాటి సుబారు అది. టర్బో ఉన్న ఇంజను. టర్బో అంటే గాలిని బాగా కుదించి ఇంజనులోకి కూరే ఏర్పాటట.

"సైకిలు పంపు కొట్టేటప్పుడు అడుగున చెయ్యి పెట్టి చూశావా అత్తా? కాలుతుంది. కుదిస్తే గాలి వేడెక్కుతుంది. అలా వేడెక్కిన గాలి ఇంజనులోకి పోతే, స్పార్కు మంట ఇంకా చేరకుండానే ఓ మూల పెట్రోలు దానంతటదే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ముదిరితే పిస్టను పగులుతుంది."

"మరి చల్లబరచాలిగా?"

"అందుకే ఇది. నీళ్ళూ మిథనాలూ సగం సగం కలిపి, లోపలికి పోయే గాలిలో సన్నటి తుంపరగా చిమ్ముతాం. ఆ తుంపర ఆవిరైపోతూ గాలిలో వేడిని లాక్కుంటుంది."

ఓస్, ఇంతేనా! వేసవికాలం కూజాకి తడిగుడ్డ చుట్టి మా అమ్మమ్మ చేసిన పనే ఇది. నీళ్ళు చేసే పనికి మధ్యలో ఆ మాయదారి మిథనాలు ఎందుకని అడిగాను. ఆవిరయ్యేటప్పుడు నీళ్ళు లాక్కునే వేడిలో మిథనాలు సగం దాకా లాక్కుంటుందట, పెట్రోలు ఆరో వంతు కూడా లాక్కోదట. పైగా మిథనాలు తనూ ఇంధనమే, అంత తొందరగా నాకింగ్ కొట్టని ఇంధనం. అన్నిటికీ మించి మిషిగన్ చలికి ఉత్త నీళ్ళు ట్యాంకులోనే గడ్డకట్టి కూర్చుంటాయి. అక్కడి సూపర్ బజార్లలో అద్దాలు కడిగే నీలం నీళ్ళు డబ్బాలకొద్దీ అమ్ముతారు. అవి గడ్డకట్టకుండా ఉండేదీ చాలావాటిలో మిథనాలు వల్లనేనట.

ఇది ఈ పిల్లలు నిన్న మొన్న కనిపెట్టిన వింతా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ మెస్సర్‌ష్మిట్ విమానాలకి ఇదే నీళ్ళూ మిథనాలూ కలిపి చిమ్మేవారు. అమెరికన్ థండర్‌బోల్ట్ విమానాలకీ ఇలాంటి ఏర్పాటు ఉండేది. ఆ తరవాత 1962లో, మా మేనకోడలి ఇంటికి గంట ప్రయాణం దూరంలో ఉన్న లాన్సింగ్ ఊరి ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ వాళ్ళు 'జెట్‌ఫైర్' అని ఓ కారు తెచ్చారు. మామూలు జనం కొనుక్కోగలిగిన మొట్టమొదటి టర్బో కార్లలో అదొకటి. దానికో సీసా, ఆ సీసాలో 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అనే ఆర్భాటమైన పేరుతో ఇదే నీళ్ళూ మిథనాలూ, తుప్పు పట్టకుండా మరో మందూ. పాపం, కొన్నవాళ్ళలో చాలామంది సీసా నింపడం మరిచిపోయేవారట! 1963తో ఆ కారు ఆపేశారు. మొత్తం పది వేలు కూడా తయారు కాలేదు.

"పంచదార డబ్బా ఖాళీ అయితే గాని చూసుకోని మగవాళ్ళు సీసాలు నింపుతారటే!" అన్నాను. చరిత్ర వచ్చేసరికి నాకు కొంచెం ధైర్యం చిక్కింది.

"నవ్వకు అత్తా. ఆ కంపెనీ వాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు. సీసా ఖాళీ అయితే టర్బో జోరు దానంతటదే తగ్గిపోయే ఏర్పాటు చేశారు. కారు నెమ్మదిస్తుంది గాని ఇంజను పోదు. నేను నేర్చుకున్నది అదే."

నా ధైర్యం ఆ సాయంత్రం వరకే. రాత్రి పడుకున్నాక మిథనాలు గురించి ఫోనులో చదివాను. చదవకుండా ఉండవలసింది. రెండు చెంచాలు కడుపులోకి పోయినా కంటిచూపు పోవచ్చు. చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది, ఆవిరి పీల్చినా ప్రమాదమే. సగం నీళ్ళు కలిపినా అంటుకోదని నమ్మకం లేదు. అసలు మిథనాలు అంటుకుంటే మంట పట్టపగలు కంటికి కనపడదుట. 1981లో ఇండియానాపొలిస్ రేసులో రిక్ మియర్స్ అనే ఆయన కారుకి ఇంధనం పోస్తుండగా అంటుకుంది. మనుషులు మంటల్లో ఉన్నా చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమయిందో వెంటనే తెలియలేదు. పక్కన మావారు హాయిగా గురక పెడుతున్నారు. నాకు మాత్రం తెల్లవార్లూ ఆ కనపడని మంటే కళ్ళముందు కనపడింది.

రేపు చెప్పెయ్యాలి, అనుకున్నాను. అన్నయ్య చెప్పమన్నాడని కాదు, పెళ్ళివారి కోసమూ కాదు. పిల్ల కోసం.

మర్నాడు శనివారం. "సామాను కొనడానికి వెళుతున్నా, వస్తావా అత్తా?" అంది. దార్లో చెబుదామని బయల్దేరాను. దార్లో అదేదో పాట పెట్టింది. సరే, షాపులో చెబుదామనుకున్నాను.

ఆ షాపు మన రైతుబజారుకి నాలుగింతలుంది. గోడల నిండా సుత్తులూ రంపాలూ, పట్టుచీరల షాపులో చీరలు వేలాడగట్టినట్టు! నేను నోరెళ్ళబెట్టి చూస్తుండగా మా మేనకోడలు తోపుడు బండిలో మొదట వేసిందేమిటో తెలుసా? కళ్ళకి కట్టుకునే గాగుల్సు. నీలం నైట్రిల్ గ్లవుజులు. మంటలార్పే ఎర్ర సిలిండరు.

నేను నోరు తెరవబోయి ఊరుకున్నాను.

తరవాత ట్యాపుల దగ్గరికి వెళ్ళాం. అక్కడ నలభై ముక్కల పెట్టె ఒకటుంది, నల్లగా నిగనిగలాడుతూ. దాని పక్కనే బీరువాలో ఒక్కటంటే ఒక్క ట్యాపు, చిటికెన వేలంత. రెండింటి ధరలకీ పెద్ద తేడా లేదు. స్టీలు సామాన్ల కొట్లో గిన్నెకి గరిటె ఫ్రీగా ఇస్తే గాని కదలని మనిషిని, ఊరుకుంటానా?

"నలభై వస్తుంటే ఒకటి కొంటావేమే?"

"నాక్కావలసింది ఒక్క కన్నం అత్తా. ఆ నలభైలో ముప్ఫైతొమ్మిది పెట్టెలోనే ఉంటాయి. అవి మామూలు ఉక్కు, పెళుసు. మర కోస్తుండగా ట్యాపు కన్నంలో విరిగిందనుకో, గొంతులో చేపముల్లే. పైపు పారెయ్యడమే. ఇది హైస్పీడ్ స్టీలు. ఒకటే పని చేస్తుంది, సరిగ్గా చేస్తుంది."

ఆ ఒక్క ట్యాపు కథ కూడా విన్నాను. కారు జపానుది, దాని నట్లన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి, పదీ, పన్నెండూ, పధ్నాలుగూ. మిథనాలు కిట్టేమో అమెరికాది, దాని కొలతలన్నీ అంగుళాల్లో. ఇద్దరు వియ్యపురాళ్ళ సంప్రదాయాలు కలవనట్టు! ట్యాపు ఎనిమిదో వంతు అంగుళంది, అంగుళానికి ఇరవై ఏడు మరలు. కాని పేరు ఎనిమిదో వంతయినా కన్నం వెయ్యవలసింది అంగుళాన్ని ముప్ఫైరెండు భాగాలు చేసి అందులో పదకొండు భాగాలంత. పేరు చూసి కన్నం వేసినవాడు మునిగాడన్నమాట. పైగా ఆ మర కొసకి పోనుపోను సన్నబడుతుంది. ఎంత లోపలికి తిప్పితే అంత బిగుస్తుంది. అతిగా కోస్తే నాజిలు వదులైపోతుంది.

నాజిలు దగ్గర మాత్రం నేనే పాఠం చెప్పాను. అది ఇంటి దగ్గర అప్పటికే రెండు నాజిళ్ళు తెప్పించి పెట్టుకుంది. ఒకటి నిమిషానికి తక్కువ చిమ్మేది, రెండోది ఎక్కువ చిమ్మేది. ఏది పెట్టాలా అని గొణుక్కుంటోంది. ఎక్కువైతే ఏమవుతుందని అడిగాను. ఇంజను తడిసి ముద్దయి సరిగ్గా మండదట.

"అయితే చిన్నదే పెట్టు. ఉప్పు తక్కువైతే తరవాత వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యగలవా?"

పిల్ల నావైపు ఓ క్షణం చూసి, "కరెక్టత్తా" అంది. చెప్పొద్దూ, నా నవలకి బహుమతి వచ్చినప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

ఇక అక్కణ్ణుంచి నేనూ పండితురాలినే. ట్యూబు కొయ్యడానికి ఓ కత్తెర్లాంటి కట్టరు తీస్తే, "ఇంట్లో కూరలు తరిగే చాకు ఉందిగా, దండగ" అన్నాను. వద్దంటున్నా కట్టరు కొంది. వైర్ల కొసల్ని బిగించే క్రింపరు రెండు రకాలు. చవకది నొక్కినంత నొక్కి వదిలేస్తుంది, ఖరీదైనది పూర్తిగా బిగిస్తే గాని పట్టు వదలదు. రెండోదే తీసుకుంది. "కారు అదురుతూ ఉంటుందత్తా. ఇవాళ పట్టినట్టున్న వైరు ఆర్నెల్ల తరవాత ఊడుతుంది. ఊడినప్పుడు నేను డ్రైవింగులో ఉంటాను." మరలకి మనం కొళాయిలకి చుట్టే తెల్ల టేపు కూడా వద్దంది. దాని పోగొకటి ఊడివెళ్ళి నాజిలులో ఇరుక్కుంటే చాలట. దాని బదులు మిథనాలుకి కరగని ఓ జిగురు సీసా తీసుకుంది. నీళ్ళు కూడా కొళాయివి పనికిరావు, డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బొగ్గు గీజరులో సున్నం పేరుకున్నట్టు సూదిమొనంత నాజిలు కన్నంలో ఉప్పు పేరుకుంటుందని.

నేను పుట్టి బుద్ధెరిగాక ఇంత ఓపిగ్గా సామాను ఎంచినవాళ్ళని మా అమ్మని తప్ప ఎవరినీ చూడలేదు. అమ్మ ఆవకాయకి కాయలు ఎంచేటప్పుడు ఇలాగే, ఏ కాయ ఎన్నాళ్ళకి మెత్తబడుతుందో ముందే చూసి పక్కన పెట్టేది.

బిల్లు కట్టే చోటికి వెళుతూ స్పానర్ల వరస దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. రెండు కొసలున్న స్పానర్లు, వరసగా. ఎనిమిది–తొమ్మిది. పది–పదకొండు. పన్నెండు–పదమూడు.

మా నాన్నగారు బడిపంతులు. ఆయనకో బజాజ్ చేతక్ స్కూటరుండేది. ఆదివారం పొద్దున్నే వసారాలో గోనెసంచి పరిచి దాన్ని విప్పేవారు. పక్కన పీట మీద నేను. "పది–పదకొండు" అంటే పది–పదకొండు ఇచ్చేదాన్ని. "ప్లగ్గు పానా" అంటే ప్లగ్గు పానా. కొన్నాళ్ళకి ఆయన అడగక్కర్లేకుండానే ఏది కావాలో తెలిసిపోయేది. అన్నయ్య ఆ సమయానికి వీధిలో క్రికెట్టు ఆడుతుండేవాడు. నా పదమూడో ఏట ఓ ఆదివారం అమ్మ వచ్చి, "ఇంక చాల్లే అమ్మా, ఆ మసిచేతులేమిటి ఆడపిల్లకి, లోపలికి రా" అంది. నాన్నగారు ఏమీ అనలేదు. నేను లేచి చేతులు కడుక్కున్నాను, అంతే. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇన్నేళ్ళలో ఇరవై నవలలు రాశాను. ఆ ఆదివారం గురించి ఒక్క వాక్యం రాయలేదు. నాన్నగారు పోయాక పనిముట్ల పెట్టె అన్నయ్యకి వెళ్ళింది. అడగాలని నాకూ తోచలేదు, ఇవ్వాలని వాళ్ళకీ తోచలేదు.

"ఏమిటత్తా, అలా నిలబడిపోయావు?"

చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

"తాతయ్య పెట్టె మా అటక మీద ఉండేదత్తా. తొమ్మిదో క్లాసులో ఉండగా ఎక్కి తీశాను. అన్నీ తీసి తుడిచి మళ్ళీ సర్దాను కూడా. నాన్న చూసి, చేతులు తెగుతాయని తాళం వేసేశారు."

షాపులో చెప్పాలనుకున్న మాట షాపులోనే ఉండిపోయింది.

ఆదివారం పని మొదలైంది. నాజిలు పెట్టవలసిన పైపుని కారు మీద ఉండగానే కన్నం వెయ్యొచ్చు కదా, విప్పడమెందుకని నా సందేహం. ఒక్క లోహపు రజను లోపల పడినా ఇంజనుకి విషమేనట. అందుకని పైపు విప్పి బల్ల మీద బిగించి కన్నం వేసింది. ట్యాపుకి గ్రీజు పూసి, "ఇదిగో, నువ్వు తిప్పు" అని పిడి నా చేతికిచ్చింది.

"నేనా!"

"నిటారుగా పట్టుకో. అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. బలవంతపెట్టకు."

అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా లోపల రజను తెగిన చిన్న చప్పుడు, కిటుక్కుమని. ముప్ఫై అయిదేళ్ళ కింద పీట మీంచి లేచిన పిల్ల మళ్ళీ వచ్చి కూర్చున్నట్టనిపించింది. నా చేతులు వణికాయని ఒప్పుకుంటాను. మర మాత్రం చక్కగా వచ్చింది.

ఆ ఊపులో ఓ తప్పు కూడా చేశాను. అది వైర్ల పనిలో ఉండగా, సాయం చేద్దామని ట్యూబు ముక్క ఒకటి కూరల చాకుతో కోసి ఫిట్టింగులో నొక్కేశాను. పని పూర్తయ్యాక మిథనాలు పొయ్యకుండా ముందు ఉత్త నీళ్ళతో పరీక్ష చేసింది. నాజిలు విప్పి బకెట్టులో పెట్టి పంపు వేసింది. పన్నీటి బుడ్డి చిలకరించినట్టు ఎంత సన్నటి తుంపర వచ్చిందనుకున్నారు! నేను చప్పట్లు కొడుతుండగా పిల్ల ఫ్లాష్‌లైటు వేసి ట్యూబు పొడుగునా చూసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. బొట్టు, బొట్టు, బొట్టు. ఏ అతుకు దగ్గరో చెప్పక్కర్లేదు కదా! చాకుతో ఏటవాలుగా తెగిన కొస లోపల రబ్బరు చుట్టుకి సరిగ్గా ఆనలేదు. నీళ్ళు కాబట్టి బొట్టు. అదే మిథనాలైతే, వేడి ఇంజను పక్కన, పట్టపగలు కనపడని మంట.

నాకు చెమటలు పట్టాయి. పిల్ల ఏమీ అనలేదు. కట్టరుతో కొస నిటారుగా కోసి మళ్ళీ నొక్కి, ఓసారి లాగి చూసి, "అందుకేనత్తా, ముందు నీళ్ళు" అంది.

ఆఖరికి ట్యాంకు మూత తీసి చూపించింది. అందులో చిన్న బెండు. మన మేడమీద నీళ్ళ ట్యాంకులో ఉంటుందే, అలాంటిదే. నీటిమట్టం తగ్గి బెండు కిందకి దిగితే స్టీరింగు పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, టర్బో జోరు తగ్గిపోతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడుగాని, నెమ్మదిగా తిరిగేటప్పుడుగాని పానీయం గొట్టంతో పీల్చినట్టు మిథనాలు లోపలికి జారకుండా ఓ వాల్వు. బ్యాటరీకి బెత్తెడు దూరంలో ఫ్యూజు.

"ఇవన్నీ కిట్టుతోనే వచ్చాయా?"

"లేదు. ఈ బెండూ, ఈ వాల్వూ విడిగా కొన్నాను. ముందు ఇవే కొన్నాను. ఇవి వచ్చాకే పంపు తెప్పించాను."

అప్పుడు నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. చిట్టా చూస్తే మనిషి తెలుస్తుందని. నేను చిట్టా చదివానే గాని ఏది ముందు కొన్నదో చూడలేదు. వేగం కోసం కొనేవాడు పంపు ముందు కొంటాడు. ఈ పిల్ల మాత్రం పొరపాటున ట్యాంకు ఖాళీ అయితే ఏమిటి, వైరు ఊడితే ఏమిటి, అంటుకుంటే ఏమిటి అని ముందే అడుక్కుని, వాటికి జవాబులు కొనుక్కుని, ఆ తరవాత వేగం కొనుక్కుంది. ఆ వేగం కూడా రోడ్డు మీద కాదు, ఊరవతల రేసు ట్రాకు మీద, నెలకో ఆదివారం.

ఆ రాత్రి అన్నయ్య వీడియోలో వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పలేదు."

"అదేమిటి, చెబుతానన్నావుగా?"

"నేను చెబుతాను గాని నువ్వు మధ్యలో మాట్లాడకు" అని చిట్టా అంతా చదివి వినిపించాను, కొన్న వరసలో. గాగుల్సు, గ్లవుజులు, బెండు, వాల్వు, ఫ్యూజు, ఒక్కటంటే ఒక్క ట్యాపు. చాకుతో నేను చేసిన నిర్వాకం కూడా దాచలేదు. "అన్నయ్యా, నాకు భయం పోలేదు. మిథనాలంటే ఇప్పటికీ భయమే. దానికీ భయమే, అందుకే అలా కొన్నది. సామాను ఎంచడం దానికొచ్చు. సంబంధం ఎంచుకోవడం కూడా వస్తుంది. షికాగో అబ్బాయి వచ్చినప్పుడు కారు గరాజులోనే ఉండనీ. చూసి ఏమంటాడో విందాం."

చాలాసేపు అవతల మాటలేదు. వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను.

"నాన్నగారి పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టానో" అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇండియా వచ్చిన పదిరోజులకి తెనాలి వెళ్ళాను. వసారాలో, నాన్నగారు గోనెసంచి పరిచే చోటే, పెట్టె తుడిచి సిద్ధంగా ఉంది. తాళం తీసి ఉంది. లోపల ఒక్కో పనిముట్టూ గుడ్డలో చుట్టి, తొమ్మిదో క్లాసు పిల్ల చేత్తో సర్దినది సర్దినట్టే ఉంది. పెట్టె మా మేనకోడలికి పంపిస్తున్నాడు అన్నయ్య. "నీకేమైనా కావాలంటే తీసుకో" అన్నాడు, నావైపు చూడకుండా.

పది–పదకొండు తీసుకున్నాను.

ఇంటికొచ్చాక చూస్తే మా కుట్టుమిషను స్టాండు నట్టొకటి మూడేళ్ళుగా వదులుగా ఉంది. "మెకానిక్కుని పిలుద్దాంలే" అని మావారూ మూడేళ్ళుగా అంటున్నారు. పది పెట్టి చూశాను, పట్టలేదు. స్పానరు తిరగేసి పదకొండు పెట్టాను.

పట్టింది.